మావ జేబులో సంతకం

"ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని ఫోనులో ఆ ఆడగొంతు హెచ్చరించినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా బంధువుల్లో ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ఒక్కడే, మా మావ. అమ్మకి సొంత తమ్ముడు. ఆయన పాటించిన పుణ్యానికి మా నాన్న బతుకుతెరువు ఆరు అంకెల దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఆయన్ని నేను తిట్టిన తిట్లు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అయినా ఆ రోజులు మళ్ళీ వస్తే మళ్ళీ తిడతాను, నా సంగతి నాకు తెలుసు.

మాది సాలూరు. ఊళ్ళో సగం మంది లారీలు నడిపి బతికేవారు. మిగతా సగం ఆ లారీలకి బాడీలు కట్టో, రంగులేసో, పంచర్లు వేసో బతికేవారు. మా నాన్నది పంచర్ల షెడ్డు. మెయిన్ రోడ్డు పక్కన నాలుగు రేకులు, ఒక కంప్రెషరు, ప్యాచ్‌ని వేడి మీద అతికించే పాత మిషను, గుమ్మానికి వేలాడే ఒక టైరు. బోర్డు కూడా ఉండేది కాదు. బండి వచ్చి ఆగితే నాన్న ముందు డ్రైవరుతో మాట్లాడేవాడు కాదు. మూలనున్న ఇనుప రాడ్డు తీసుకుని, ఒక్కో టైరు మీదా కొట్టుకుంటూ లారీ చుట్టూ తిరిగేవాడు. ఆ చప్పుడు వినే ఏ టైరులో గాలి తగ్గిందో, దేనికి లోపల దెబ్బ తగిలిందో చెప్పేసేవాడు. నేనూ చిన్నప్పుడు కళ్ళు మూసుకుని ఆ తేడా పోల్చుకోవాలని తెగ ప్రయత్నించేదాన్ని. ఒక్కసారీ కుదర్లేదు. అన్ని టైర్లూ నాకు ఒక్కలాగే మోగేవి.

మావ అప్పట్లో ఒక షావుకారి లారీకి డ్రైవరు. వేళాకోళం మనిషి. వస్తే షెడ్డులో నవ్వులే నవ్వులు. నాన్నని "బావా" అంటూ వెంట తిరిగేవాడు. ఆయన లారీ టైర్లన్నీ నాన్న చేతి మీదుగా వెళ్ళాల్సిందే. అలాంటిది ఒక వానాకాలం సుంకి ఘాట్ ఎక్కుతుండగా మావ లారీ వెనక టైరు పేలిపోయింది. బండి జారి కొండవైపు ఒరిగింది కాబట్టి సరిపోయింది, రెండో వైపు ఒరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. భుజం ఎముక విరిగింది. ఆ కట్టుతోనే లారీ ఓనర్ల ఆఫీసు ముందు నిలబడి, అడిగినవాళ్ళందరికీ "బావ ఏసిన ప్యాచే లేసిపోనాది" అని చెప్పాడు.

ఆ ఒక్క మాట చాలు. డ్రైవర్ల నోట పడ్డ మాట రాయగడ దాకా పోతుంది. ఏళ్ళ తరబడి మా షెడ్డు దగ్గరే ఆగే లారీలు చూసీ చూడనట్టు ముందుకి వెళ్ళిపోయాయి.

నాన్న ఎవరితోనూ వాదనకి దిగలేదు. మర్నాడు బస్సెక్కి ఘాట్‌కి వెళ్ళి, రోడ్డు పక్కన పడేసి ఉన్న ఆ టైరుని వెతికి, ఒక ముక్క కోసి గోనెసంచిలో పట్టుకొచ్చాడు. ఆయన వేసిన ప్యాచ్ ఎక్కడా అంచు కూడా లేవలేదు. టైరు పేలింది ఇంకోచోట, దాని పక్క భాగంలో. మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు ఎత్తితే టైరు అక్కడే పేలుతుందట. షావుకారికి తెలియకుండా మావ దారిలో ఎవరిదో సరుకు పైన ఎత్తుకున్నాడన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. "ఇది ఇప్పుడే అట్టుకెళ్ళి ఆఫీసు కాడ అందరికీ సూపించు నాన్నా" అన్నాను.

"సూపిస్తే ఏటవుతాది?"

"నీ తప్పు నేదని తెలుస్తాది."

"ఆడి డ్రైవరుజ్జోగం పోతాది. ముగ్గురు పిల్లలు ఆడికి."

అంతే. ఆ ముక్కని షెడ్డు లోపల ట్యూబుల వెనక మేకుకి తగిలించాడు. మావతో మాత్రం మాట్లాడడం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అలా ఆరేళ్ళు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య నాలుగు వీధులే దూరం. అమ్మ సంతలో తమ్ముడు కనిపిస్తే మాట్లాడేది గానీ వాళ్ళ గుమ్మం తొక్కేది కాదు. మొగుడి మాట కాదనలేక కాదు, మొగుడిది న్యాయమని ఆవిడకి తెలుసు. తెలిసినా కళ్ళు తుడుచుకునేది.

ఈలోగా కాలం మారింది. ట్యూబు లేని టైర్లు వచ్చాయి. మా ప్యాచ్‌ల పని మూడొంతులు పడిపోయింది. నేను బీకాం పూర్తిచేసి షెడ్డులోనే ఒక బల్ల వేసుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు విశాఖపట్నం నుంచి ఒక రీబటన్ కంపెనీ వాళ్ళు మా వైపు ఫ్రాంచైజీ ఇవ్వడానికి మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసింది. రీబటన్ అంటే అరిగిపోయిన టైరుని గీకి, దాని మీద కొత్త రబ్బరు పట్టీ వేసి, ఆవిరి మీద ఉడికించి మళ్ళీ రోడ్డెక్కించడం. మిషన్లు, రబ్బరు, బోర్డు వాళ్ళవి. చోటూ పనీ మనవి. కంపెనీ ఆఫీసరు చూడ్డానికి వచ్చినప్పుడు నాన్న మామూలుగానే రాడ్డు పట్టుకుని ఒక లారీ చుట్టూ తిరిగి, ముట్టుకోకుండానే రెండు టైర్ల జాతకం చెప్పేశాడు. ఆ ఆఫీసరు నోరు తెరిచేశాడు.

సాలూరు, పార్వతీపురం రెండింటికీ కలిపి ఇచ్చేది ఒక్కటే ఫ్రాంచైజీ. పార్వతీపురంలో పెద్ద స్థలమున్న ఒకాయన కూడా అడిగాడు. అది తనకే వస్తుందని నమ్మకంతో, "మీ నాన్నని మా దగ్గర పనికి రమ్మను, రోజుకూలీ ఇస్తాను" అని నాకే కబురు పెట్టాడు. ఆ మాట నేను నాన్నకి చెప్పలేదు. ఎవరో చెప్పేశారు. నాన్న ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు. అందుకని కంపెనీ వాళ్ళు మమ్మల్నే ఎంచుకున్నామని ఫోన్ చేసినప్పుడు మా ఇంట్లో పండగే అనుకోండి. మాట్లాడని మనిషి వారం రోజులు మాట్లాడుతూనే ఉన్నాడు. "మా పెళ్ళికి కూడా ఈయనకి ఇంత హుషారు నేదు" అంది అమ్మ.

నాన్న చదివింది మూడో తరగతి. సంతకం మాత్రం చూసి తీరాలి. ఒక్కో అక్షరం బొమ్మ వేసినట్టు నిదానంగా వేసి, చివరి అక్షరానికి కింద నుంచి పొడుగ్గా తోక లాగేవాడు. అగ్రిమెంటు కోసం మంచిరోజు చూపించుకున్నాడు, కొత్త పెన్ను కొన్నాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆ సంతకం ఎన్నిసార్లు చేసుకున్నాడో లెక్కలేదు. మా ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏదైనా నాలుగు మూలలా పసుపు రాసి అమ్మవారి పటం ముందు పెట్టాకే సంతకం. ఆ పసుపు గిన్నె కూడా షెడ్డుకి వచ్చింది.

తీరా ఆ రోజున ఆఫీసరు ఫోన్ చేసి, "కాగితాలేం ఉండవండి, మెయిల్లో లింకు పంపాం, ఆధార్‌తో ఎలక్ట్రానిక్ సంతకం చెయ్యాలి. వారం రోజుల్లో చెయ్యకపోతే లింకు పోతుంది, తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది" అన్నాడు.

నాన్న పెన్ను పట్టుకుని నిలబడిపోయాడు. "మరి పసుపు దేనికి రాయాల?"

నేను ఏదో చెప్పేలోగానే నా ల్యాప్‌టాప్ నాలుగు మూలలా పసుపు పూసేశాడు. తడి పసుపు. కీబోర్డు సందుల్లోకి దిగిపోయింది. నేను పెట్టిన కేకకి పక్క హోటలు వాళ్ళు బయటికొచ్చి చూశారు. నాన్న మాత్రం చెయ్యి తుడుచుకుని, "ఇంక కానీ" అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పాడైంది గానీ పారెయ్యలేదు. అటక మీద ఉంది, పసుపుతో సహా.

అగ్రిమెంటంతా చదివి వినిపించాను. చివర్లో నాన్న ఆధార్ నంబరు కొట్టాను. మీ మొబైల్‌కి ఓటీపీ పంపాం, అది ఇక్కడ వెయ్యండి అని తెర మీద వచ్చింది. నా ఫోను చూశాం, రాలేదు. నాన్న ఫోను చూశాం, రాలేదు. ఎవరి మొబైల్ అని తెర మీదే వెతికితే చివరి నాలుగంకెలు మాత్రం చూపిస్తోంది. మాకు అన్నం పట్టుకొచ్చిన అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఇది మా తమ్ముడి నంబరే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆధార్ కార్డులు కొత్తగా తీస్తున్నప్పుడు స్కూల్లో క్యాంపు పెట్టారు. ఎండలో పొద్దున్నుంచీ లైను. ఫోన్ నంబరు ఎంత అని మిషను దగ్గరి కుర్రాడు అడిగాడు. మా ఇంట్లో ఎవరికీ ఫోన్ లేదు. అప్పటికి మొత్తం బంధువుల్లో ఫోన్ ఉన్నది మావకే. లైను చివర్నుంచి జేబు తట్టుకుంటూ వచ్చి, "నాది రాసుకోండి బాబూ, ఈలందరికీ నాదే" అన్నాడు. నాన్నకి, అమ్మకి, నాకు, నానమ్మకి, మా పక్కింటి ముసలాయనకి కూడా అదే నంబరు. ఆ రోజు మావ ఎంత గొప్ప పోయాడో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఊళ్ళో చాలా ఇళ్ళు ఇంతే. ఇంటికో ఫోన్, ఫోనుకి పదిమంది. ఆ నంబరుతో ఎప్పటికైనా పనిపడుతుందని ఎవరనుకున్నారు?

నంబరు మార్పించుకుందామంటే ఆధార్ సెంటరులో పూటల తరబడి లైను, మార్చాక అది ఎక్కడానికి మళ్ళీ ఎన్నాళ్ళో. నా పేరు మీద అగ్రిమెంటు రాయమని ఆఫీసరుని బతిమాలాను. "షెడ్డు లైసెన్సు మీ నాన్నగారిది, అనుభవం ఆయనది. మళ్ళీ మొదట్నుంచి రావాలమ్మా, అప్పటిదాకా పార్వతీపురం ఆయన ఆగడు" అన్నాడు. నాన్నకి ఈ సంగతి చెబితే ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఆడిని అడిగీదేటి. రీబటనూ వొద్దు, ఏటీ వొద్దు."

ఆయన అడగకపోతే నేను అడగనా? అమ్మ ఫోన్ నంబర్లు రాసుకునే పుస్తకంలోంచి మావ నంబరు తీసి ఫోన్ చేశాను. మావ ఎత్తాడు. నేనని చెప్పాను.

"సెప్పమ్మా" అన్నాడు.

"నీ ఫోనుకి ఆరంకెల నంబరొకటి వొచ్చుంటాది. అది సెప్పు మావా."

"వొచ్చింది. ఎవులికీ సెప్పకూడదంట కదా. టీవీలో రోజూ అదే సెప్తన్నారు."

"నాను పరాయిదాన్నా?"

"కాదమ్మా. నంబరు నీది కాదు కదా, మీ నాన్నది. ఆయన్ని అడగమను, సెప్తాను."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చేసిందంతా చేసి ఇప్పుడు మా నాన్న ఈయన్ని అడగాలా? ట్యూబుల వెనక మేకుకి వేలాడుతున్న ఆ టైరు ముక్క సంగతి నాలిక చివరి దాకా వచ్చింది. నాన్న నా వైపే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ ముక్క తప్ప మిగతావన్నీ అనేశాను. గర్వమన్నాను, కళ్ళు నెత్తికెక్కాయన్నాను, అక్కనిచ్చిన ఇల్లని కూడా చూడలేదన్నాను. మావ అన్నీ విని "సరేనమ్మా" అని పెట్టేశాడు. తిరిగి తిట్టుంటే నాకు కాస్త తృప్తిగా ఉండేది.

రోజులు అయిపోతున్నాయి. నాన్న మళ్ళీ పాత మనిషైపోయాడు. క్యాలెండరు కాగితాల మీద చేసుకున్న సంతకాలు చింపి పొయ్యిలో వేశాడు. చివరి రోజు పొద్దున్న అమ్మ తల దువ్వుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "నాను మా తమ్ముడింటికెల్తన్నాను" అంది. నాన్న వద్దనలేదు, వెళ్ళమననూ లేదు. ఆరేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కి, గంటలో తిరిగొచ్చింది. ఏం మాట్లాడావని ఎన్నిసార్లు అడిగినా ఇంతవరకూ చెప్పలేదు.

పది గంటలకి మా షెడ్డుకి ఎదురుగా రోడ్డు అవతల మావ లారీ వచ్చి ఆగింది. అప్పటికి ఆయనది సొంత లారీ, పాతదే. దిగి, ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. ఇటు రాలేదు. నాన్న స్టూలు మీంచి కదల్లేదు. కరెంటు పోయి ఉంది. కంప్రెషరు మోగడం లేదు. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ సగానికి దిగింది. నా ఫోనుతో నెట్ కలిపి, ఏదైతే అదవుతుందని బటన్ నొక్కాను.

రోడ్డు అవతల మావ చొక్కా జేబులో ఫోన్ మోగింది. పాత డబ్బా ఫోన్ల మోత, వీధంతా వినబడేది. మావ తీసి చూసుకుని, నాన్న వైపు చూశాడు. నాన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. ఓటీపీకి పది నిమిషాలే ఆయుష్షు. పది నిమిషాలూ అలాగే గడిచాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఇద్దరూ రాతి విగ్రహాలే. మూడుసార్లు దాటితే ఆ రోజుకి ఇంక పంపదని తెర మీద రాసుంది. అది చదివి వినిపించాను, కాస్త గట్టిగానే, అవతలికి కూడా వినబడేలా. ఏడుపొస్తోందని నాకే అర్థమైంది.

నాన్న లేచాడు. మూలనున్న ఇనుప రాడ్డు తీసుకున్నాడు. కొట్టడానికే అనుకుని నేను గుమ్మం దాకా పరిగెత్తాను. రోడ్డు దాటి, మావ పక్కనుంచే వెళ్ళి, ఆయన మొహం కూడా చూడకుండా ముందు టైరు మీద కొట్టాడు. తర్వాత రెండోది. అలా కొట్టుకుంటూ లారీ వెనక్కి వెళ్ళాడు. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి లెక్కపెడుతున్నాను. ఎనిమిదో టైరు దగ్గర ఆగాడు. వంగి, ఇంకోసారి కొట్టాడు.

"లోపల టైరు దెబ్బతిన్నాది" అన్నాడు. "ఇలగెలగ ఘాటెక్కిస్తన్నావురా?"

ఆరేళ్ళకి నోరు తెరిచి అన్న మొదటి మాట అది.

"సూసీవోడు నేడు బావా" అన్నాడు మావ. అని, అక్కడే లారీ మెట్టు మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "ఆవేళ బరువు నానే ఎక్కువెత్తినాను. నీ ప్యాచ్ కాదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే. టైరు సూసినాను."

మావ తలెత్తి నాన్న వైపు చూశాడు. ఆరేళ్ళుగా తెలిసీ బయట ఎవరితోనూ అనలేదని అప్పుడు అర్థమైనట్టుంది. నాన్న రాడ్డు చంకలో పెట్టుకుని, "పిల్ల అక్కడ మిషను ముందేసుక్కూసున్నాది. ఆ నంబరేటో సెప్పు" అన్నాడు. అడిగేశాడు. మా నాన్న ఆ మాట అనగలడని నేను ఏనాడూ అనుకోలేదు.

మూడోసారి, ఆఖరిసారి, నొక్కాను. మావ నా బల్ల పక్కన నిలబడి, ఫోన్ని చెయ్యంత దూరం పెట్టుకుని, కళ్ళు చికిలించి ఒక్కో అంకె చదివాడు. నేను వెంటవెంటనే కొట్టాను. గిర్రున తిరిగింది, తిరిగింది, ఆగింది. పూర్తయిందని వచ్చింది. నాన్న తెర దగ్గరికి వంగి తన సంతకం కోసం వెతికాడు. పేరు, ఆ రోజు తేదీ, పక్కన ఒక టిక్కు మార్కు. అంతే.

"తోకేదీ?" అన్నాడు.

అందరం నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను. అమ్మ కోసం కబురు పెట్టాం. వచ్చేసరికి మావ ఎనిమిదో టైరు విప్పుతున్నాడు, నాన్న పక్కన నిలబడి "అలగ కాదెహె" అని కసురుతున్నాడు. అమ్మ ఇద్దర్నీ చూసి, ఏమీ జరగనట్టు "అన్నాలు తెచ్చినాను, సేతులు కడుక్కోండి" అంది.

తింటున్నప్పుడు చూశాను, మావ దగ్గర రెండు ఫోన్లున్నాయి. ఒకటి అందరి దగ్గరా ఉండే టచ్ ఫోన్, ఇంకోటి ఆ డబ్బా ఫోన్. కొత్త సిమ్ములు వచ్చాక ఊళ్ళో అందరూ పాత నంబర్లు పారేశారు కదా. మరి ఈయనకి ఇదేంటి?

"ఇంకా ఆ డబ్బా ఏటికి మావా?" అన్నాను.

మావ ముద్ద కలుపుతూ, తలెత్తకుండా చెప్పాడు. "ఇందులోకి మీ మెసేజీలు తప్ప ఇంకేటీ రావు. నెలనెలా ఏస్తన్నాను రీఛార్జి. మీ గేస్ బండ ఎప్పుడొచ్చిందో తెలుస్తాది. నీ స్కాలర్షిప్పు పడినట్టు వొచ్చినపుడు నాను రాయగడలో ఉన్నాను. అక్కడే పకోడీలు కొని పక్క లారీ వోలందరికీ పెట్టినాను. మా మేనకోడలు డిగ్రీలోకొచ్చింది అని సెప్పినాను."

గ్యాస్ మెసేజీలు మాకెందుకు రావు అని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. అమ్మ పుస్తకం పట్టుకుని గ్యాస్ ఆఫీసుకి నడిచి వెళ్ళేది. స్కాలర్షిప్ పడిందో లేదో చూసుకోడానికి నేను బ్యాంకులో లైన్లో నిలబడేదాన్ని. ఆధార్ చూపించిన చోటల్లా ఆ నంబరే ఎక్కింది మరి. మా కబుర్లన్నీ మాకంటే ముందు ఆ జేబులోకే వెళ్ళేవి. ఫోనులో నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. గర్వమట, కళ్ళు నెత్తికెక్కాయట. "మావా, ఆవేళ నాను..." అని మొదలుపెట్టాను. "పచ్చడి ఇలగియ్యి" అని మాట దాటేశాడు.

నాన్న అన్నం ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాడు. సగంలో మాత్రం లేవలేదు.

ఇప్పుడు మా షెడ్డు షెడ్డులా లేదు. పెద్ద బోర్డు, ఆవిరి మిషను, లోపల ఎప్పుడూ ఉడికిన రబ్బరు వాసన. ఆ రేకుల కిందే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. ఎవరితోనూ అనను, నాన్న వింటే నవ్వుతాడు. ఆ టైరు ముక్క మేకు మీద లేదు. ఎప్పుడు తీసేశాడో, ఎక్కడ పడేశాడో నాకు తెలియదు.

అగ్రిమెంటు అయిన నెలకి నేను నాన్నని ఆధార్ సెంటరుకి బలవంతాన లాక్కెళ్ళాను. ఇంకెప్పుడూ ఈ గండం రాకూడదు, నా నంబరు ఎక్కిద్దామని నా పట్టు. వద్దనలేదు, వెంట వచ్చాడు. పొద్దున్న ఏడింటికి లైన్లో నిలబడితే మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కంప్యూటరు ముందున్న అమ్మాయి వేలిముద్ర వేయించుకుని, "ఏ నంబరు ఎక్కించాలండీ?" అంది. నేను చెప్పేలోగా నాన్న గబగబా పది అంకెలూ చెప్పేశాడు.

ఆ అమ్మాయి తెర చూసి, "ఇదే ఉంది కదండీ" అంది.

"ఉన్నాదా? అయితే అదే ఉండనీయమ్మా" అని లేచొచ్చేశాడు.

ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చాను. పూటంతా నిలబడ్డ లైను, పోయిన పని, అన్నీ ఏకరువు పెట్టాను. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాక గానీ నాకు తట్టలేదు. ఆరేళ్ళపాటు ఒక్కసారీ ఫోన్ చెయ్యని నంబరు అది. ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. తన సొంత నంబరు ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ నా వైపే చూస్తాడు.